పాత బ్రిడ్జి, కొత్త బ్రిడ్జి

మా చిన్నప్పుడు కొవ్వూరులో ఊరికే ‘బ్రిడ్జి’ అంటే పని జరిగేది కాదు. ‘పాతదా, కొత్తదా?’ అని వెంటనే అడిగేవారు. పాతది హేవ్‌లాక్ బ్రిడ్జి. మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవ్‌లాక్ పేరు మీద కట్టింది, 1900 ఆగస్టులో దాని మీద రైళ్ళు మొదలయ్యాయి. కొత్తది రోడ్ కం రైల్ బ్రిడ్జి, 1974లో వచ్చింది. కింద రైలు, పైన రోడ్డు. ఒకే గోదావరి మీద, కొవ్వూరు, రాజమండ్రి అనే అవే రెండు ఊళ్ళ మధ్య, ఒకదాని మీంచి చూస్తే రెండోది కనిపించేలా ఉండేవి రెండూ. నాకు ఊహ తెలిసేసరికే రెండూ ఉన్నాయి కాబట్టి పెద్ద నది ఉన్న ప్రతి ఊళ్ళోనూ బ్రిడ్జీలు జంటగానే ఉంటాయని చాలాకాలం అనుకున్నాను.

మా నాన్నమ్మ లెక్క వేరు. ఆవిడ కాపురానికి వచ్చిన రోజుల్లో మా ఊరి నుంచి గోదావరి దాటాలంటే రైలు, లేకపోతే లాంచీ. పాసింజరు టైముకి స్టేషన్లో ఉంటే సరే. టైము తప్పితే రేవుకి పోయి లాంచీ కోసం ఎదురు చూడాలి. వరద పెరిగితే లాంచీలు కట్టేసేవారు. చీకటి పడితే ఇక అంతే. ఒక శ్రావణంలో మా వీధిలో ఒకావిడకి రాత్రివేళ పురిటినొప్పులు మొదలైతే, అవతల ఒడ్డున రాజమండ్రి ఆసుపత్రి దీపాలు కనబడుతుండగా, తెల్లవారుజాము బండి వచ్చేదాకా స్టేషన్ బెంచీ మీద పడుకోబెట్టి కూర్చున్నారట. ఆ తల్లీ బిడ్డా బాగానే బయటపడ్డారు. కానీ నాన్నమ్మ ఆ కథ చెప్పినప్పుడల్లా చివర్లో ఒకే మాట అనేది: “రైలుకి మన కష్టం తెలీదమ్మా. దాని టైము దానిది.”

నాకు ఆ మాట విలువ పెద్దయ్యాక తెలిసింది. రైలు బ్రిడ్జి ఊళ్ళని కలుపుతుంది, కాకపోతే టైంటేబుల్ ప్రకారం. మద్రాసు నుంచి కలకత్తా పోయేవాడికి అది చాలు. అవతల ఒడ్డున సంతకు పోయే రైతుకి, ఆసుపత్రికి పోయే మనిషికి చాలదు. ఎడ్లబండికి పట్టాల మీద చోటు లేదు, సైకిలుకీ లేదు. 1900లో మొదటి బ్రిడ్జి వచ్చాక కూడా ఇంకా 74 ఏళ్ళు మా రెండు ఊళ్ళకీ మధ్య రోడ్డు లేదు. పైన రోడ్డు వేసిన నాడు ఈ నది మనిషి తీరిక ప్రకారం దాటే నది అయింది. నాన్నమ్మ కొత్త బ్రిడ్జిని ఎప్పుడూ రైలు బ్రిడ్జి అనలేదు. ఆవిడకి అది ‘రోడ్డు వంతెనే’.

హేవ్‌లాక్ బ్రిడ్జికి ముందు సంగతులు నాన్నమ్మకి కూడా తెలియవు, వాళ్ళ పెద్దల నోట విన్నవే. కృష్ణ మీద బెజవాడ దగ్గర రైలు వంతెన 1893లో పూర్తయింది. అటు కటకం దాకా ఈస్ట్ కోస్ట్ రైల్వే లైను 1896కల్లా వచ్చేసింది. మధ్యలో గోదావరి ఒక్కటే మిగిలింది. మద్రాసు వైపు నుంచి వచ్చినవాళ్ళు కొవ్వూరులో దిగి, పెట్టెబేడా మోయించుకుని పడవెక్కి, రాజమండ్రిలో మళ్ళీ రైలెక్కేవారు. ఆ ఎడాన్ని పూడ్చడానికి 1897 నవంబరులో పని మొదలుపెట్టారు. మూడేళ్ళు తిరక్కుండా రెండున్నర కిలోమీటర్లకు పైగా నదిని దాటేశారు. 56 స్పాన్లు, ఒక్కొక్కటీ 150 అడుగులు, రాతి స్తంభాలు, ఇనప గడ్డర్లు. ఆ పనికి పెద్ద ఇంజినీరు గ్రాన్‌విల్ వాల్టన్. అంతకుముందు కాశీలో గంగ మీద 1887లో వంతెన కట్టించినవాడూ ఆయనే. ఆ కాశీ వంతెన మీద కూడా ఇప్పుడు కింద రైలు, పైన రోడ్డు. నాన్నమ్మ కాశీ వెళ్ళొచ్చాక గంగ గురించి చెప్పినదానికంటే ఆ వంతెన గురించే ఎక్కువ చెప్పింది. “అచ్చం మన కొత్త బ్రిడ్జిలాగే ఉందర్రా” అని.

గోదావరి అడుగున బండరాయి చేతికందదు, ఉన్నదంతా ఇసుక. ఇసుకలో అంత బరువు ఎలా నిలబడుతుందని మా తాతయ్యని అడిగాను. ఆయన నన్ను పెరట్లో నూతి దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. మా వైపు నూతులకి వరలు దింపుతారు. వర లోపల కూర్చుని ఇసుక తోడుతుంటే దాని బరువుకి అదే కిందికి దిగుతుంది, పైన ఇంకో వర పెడతారు. బ్రిడ్జి పునాది కూడా అదే పద్ధతి, కాకపోతే నది మధ్యలో, నీళ్ళల్లో. అడుగున పదునైన ఇనప అంచున్న చట్రం పెట్టి, దాని మీద గుండ్రంగా గోడ కడుతూ, లోపలి ఇసుకని యంత్రంతో తోడుతూ పోతారు. బావి నిలువునా దిగాలి. ఒక పక్కకి ఒరిగితే దాన్ని నిలబెట్టడానికి నానా యాతనా పడాలి. కావలసిన లోతుకి దిగాక అడుగున కాంక్రీటు పోసి మూసేస్తారు. ఆ బావి మీదే స్తంభం లేస్తుంది. వరదలో నీళ్ళు స్తంభం చుట్టూ సుడి తిరిగి ఇసుకని కోసుకుపోతాయి. ఆ కోత ఎంత లోతుకు పోగలదో లెక్కకట్టి, బావిని దానికంటే ఇంకా కిందికి దింపాలి. మనకి కనిపించే బ్రిడ్జి పైన ఉన్నది మాత్రమే. దాన్ని నిలబెట్టేది అడుగున ఇసుకలో ఉన్న ఆ బావుల వరసే. పాత బ్రిడ్జిది కూలీలు, గజ ఈతగాళ్ళు, రాళ్ళు చెక్కినవాళ్ళు ఎందరో కలిసి దించిన వరస. వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

మా పక్కింటి బాబాయి రైల్వేలో కీమాన్. పిలుపుకే బాబాయి, చుట్టం కాదు. తెల్లవారకముందే భుజాన సంచీ, చేతిలో పొడుగు పిడి సుత్తి, ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకుని బయల్దేరేవాడు. పట్టాన్ని దిమ్మెకి బిగించే ఇనప చీలల్ని ‘కీ’లంటారు. బళ్ళు పోతున్నకొద్దీ అవి వదులవుతాయి. తన బీటు పొడుగునా నడుస్తూ వదులైన కీని సుత్తితో కొట్టి బిగించడం, పట్టా మీద పగులు ఉందేమో చూడడం ఆయన పని. సంచీలో పొగమంచు రోజులకి వాడే టపాకాయలు ఉండేవి. పట్టా మీద పెడితే ఇంజను ఎక్కగానే పేలి డ్రైవరుకి ‘జాగ్రత్త’ అని చెబుతాయి. వాటిని మాకు చూపించేవాడు, ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఒక వేసవి సాయంత్రం మా పిల్లమూకని గట్టు మీద కూర్చోబెట్టి గడ్డరు సంగతి చెప్పాడు. “ఎండకి ఇనుము పెరుగుద్ది రా. రెండు చివరలా బిగించేస్తే గడ్డరు వంకర తిరిగిపోద్ది. అందుకని ఒక చివరే కదలకుండా బిగిస్తారు. రెండో చివర కింద రోలర్లుంటాయి, వాటి మీద అదే జరుగుద్ది.” అర్థం కావడానికి చేత్తో కొలత చూపించాడు: చూపుడు వేలు, మధ్య వేలు కలిపినంత. పై చదువుల్లోకి వచ్చాక నేను ఆ లెక్క వేసి చూశాను. కొత్త బ్రిడ్జి పెద్ద స్పాను 91.5 మీటర్లు. ఉక్కుకి 30 డిగ్రీల తేడా వస్తే అది 3 సెంటీమీటర్ల పైచిలుకు సాగుతుంది. బాబాయి చూపించిన రెండు వేళ్ళూ సరిపోయాయి. ఆ రోలర్లకి దుమ్ము పట్టకుండా, తుప్పు పట్టకుండా గ్రీజు పెట్టేవాళ్ళు, తాళ్ళ మీద వేలాడుతూ గడ్డర్లకి రంగు వేసేవాళ్ళు, బోల్టు బోల్టుకీ తట్టి శబ్దం వినేవాళ్ళు ఇంకొందరు. ఒక చివర నుంచి రంగు వేసుకుంటూ రెండో చివరకి చేరేసరికి మొదటి చివర మళ్ళీ రంగుకొచ్చేదని బాబాయి అనేవాడు.

91.5 మీటర్లంటే దాదాపు 300 అడుగులు. పాత బ్రిడ్జి స్పానుకి రెట్టింపు. 74 ఏళ్ళలో ఉక్కు ఎంత దూరం చెయ్యి చాచగలిగిందో ఆ రెండు కొలతల్లోనే ఉంది. నదిలో నిలబెట్టాల్సిన స్తంభాలు బాగా తగ్గాయి.

కొత్త బ్రిడ్జి రైలుకి రెండు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్లు, రోడ్డుకి నాలుగు కిలోమీటర్ల పైన. ఒకే బ్రిడ్జికి రెండు పొడుగులేమిటని బడిలో వాదించుకునేవాళ్ళం. కారణం తేలికైనదే. రైలు నిట్టనిలువుగా ఎక్కలేదు, అందుకే అది కింది అంతస్తులోనే ఉండిపోయింది. రోడ్డు పై అంతస్తు మీదకి ఎక్కాలి, దిగాలి. ఆ ఎక్కుడూ దిగుడూ రెండు ఒడ్ల మీదా చాలా దూరం సాగింది. బస్సు కొవ్వూరు వైపు ఎత్తెక్కుతుంటే ముందు ఇళ్ళ కప్పులు, తర్వాత కొబ్బరి మొవ్వులు, ఆ తర్వాత ఒక్కసారిగా గోదావరి. వేసవిలో సగం ఇసుక, నడుమ లంకలు. పాత బ్రిడ్జి పుణ్యాన ఒక లంకకి బ్రిడ్జిలంక అనే పేరు కూడా వచ్చేసింది.

రాజమండ్రి ప్రయాణమంటే మాకు కోటగుమ్మం దగ్గర బట్టల కొట్లు, రోజ్‌మిల్క్, సినిమా. కానీ పిల్లలందరి మొక్కూ ఒక్కటే: మన బస్సు పైన ఉండగా కింద రైలు రావాలి. వస్తే ముందు కాళ్ళకి తెలిసేది. బస్సు అడుగు రేకులో సన్నటి వణుకు. ఆ తర్వాత చప్పుడు. రైలు కనిపించేది కాదు, కానీ బస్సులో ఉన్న పెద్దవాళ్ళు కూడా మాటలు ఆపేసేవాళ్ళు. వెయ్యి మంది మన పాదాల కింద నుంచి ఎదురుగా పోతున్నారు, వాళ్ళకి మనం తెలీదు, మనకి వాళ్ళు తెలీదు. ఇంతకంటే గొప్ప వింత ఆ వయసులో నాకు ఇంకోటి తెలియదు.

రైల్లో పోతే ఇంకో రకం సంబరం. పాత బ్రిడ్జి మీద ఒక్కటే లైను. కొత్త బ్రిడ్జి కింద కూడా ఒక్కటే. అంటే రెండూ కలిస్తేనే డబుల్ లైను. అందుకే వెళ్ళేటప్పుడు ఒక బ్రిడ్జి, వచ్చేటప్పుడు రెండోది. ఒకదాంట్లో పోతూ ఇంకోదాని మీద ఎదురుబండి కనిపిస్తే పిల్లలమంతా ఆ కిటికీకి ఎగబడేవాళ్ళం. రెండు బళ్ళ మధ్యా నది. 1974కి ముందైతే ఒక ఒడ్డున బండి ఆగి, అవతలి బండి దాటి వచ్చేదాకా కాసుకుని ఉండాల్సిందే. రాజమండ్రి వైపు కొత్త బ్రిడ్జి కాస్త వంపు తిరుగుతుంది, ఒత్తుగా ఉన్న ఇళ్ళని తప్పించడానికి. ఆ వంపులో కిటికీలోంచి మన రైలు ఇంజను మనకే కనిపించేది.

గోదావరి మీదికి రాగానే పెట్టెలో అందరి చేతులూ చిల్లర కోసం తడుముకునేవి. నాన్నమ్మ కొంగు ముడి విప్పి నా చేతిలో పది పైసలు పెట్టేది. సత్తుబిళ్ళ, తేలిక, గాలికి అడ్డం తిరిగి గడ్డరుకి తగిలి టంగుమనేది. నీళ్ళలో పడితేనే లెక్క అని మా పిల్లల రూలు. పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుని దండం పెట్టేవారు. ఒరియా, బెంగాలీ, అరవం మాట్లాడే ప్రయాణికులు కూడా అదే పని చేస్తుంటే గోదావరి మా ఒక్కరిదే కాదని మొదటిసారి తెలిసింది. 1979 పుష్కరాల్లో ఆ చిల్లర చప్పుడు, బళ్ళలోంచి గోవింద నామాలు ఇటు మా ఊరి గోష్పాద రేవు దాకా వినిపించేవి.

1986 ఆగస్టు వరద నేను కళ్ళారా చూశాను. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 17.75 అడుగులకి మూడోది. ఆ నెల 16న అక్కడ నీటిమట్టం 24 అడుగులు దాటింది. 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు పోయాయి. అంత వరద ఆ ఆనకట్ట దగ్గర మళ్ళీ ఇంతవరకూ రాలేదు. గోష్పాద రేవు మెట్లు ఎప్పుడో మాయమయ్యాయి. ఎర్రటి నీళ్ళలో వేళ్ళతో సహా చెట్లు, తాటాకు కప్పులు, గడ్డివాములు, వాటి మీద ప్రాణాలతో ఉన్న కోళ్ళు. లంకల్లోని మనుషుల్ని పడవల మీద తెచ్చి మా బడిలో పెట్టారు. బాబాయి రెండు రోజులు ఇంటికి రాలేదు. స్తంభాల మీద రంగుతో గీసిన ప్రమాదపు గీతల్ని చూస్తూ నీటిమట్టం ఎప్పటికప్పుడు స్టేషనుకి చెప్పే డ్యూటీ పడింది. వచ్చాక నిద్ర పోకుండా అరుగు మీద కూర్చుని చెప్పాడు: పెద్ద మానులు కొట్టుకొచ్చి స్తంభానికి తగులుతుంటే ఆ దెబ్బ పైన నిలబడ్డ మనిషి పళ్ళకి తెలిసిందట. రెండు బ్రిడ్జీలూ నిలబడ్డాయి. ఒకటి 86 ఏళ్ళ ముసలిది, ఒకటి పన్నెండేళ్ళ పిల్లది. ఇసుకలో అంత లోతుకి బావులు ఎందుకు దించారో ఆ వారం మా ఊళ్ళో అందరికీ అర్థమైంది.

పెద్ద నదికి పక్కపక్కన రెండు బ్రిడ్జీలెందుకని అప్పుడప్పుడూ ఎవరో ఒకరు అంటుంటారు, డబ్బు దండగ అన్నట్టు. మా ఒడ్డున పెరిగిన వాళ్ళెవరూ ఆ మాట అనరు. ఒకటి మరమ్మతుకి వస్తే రెండోది మోస్తుంది. ఒకదాని మీద పోయే బండి రెండోదాని మీద వచ్చే బండికి అడ్డం రాదు. రామేశ్వరం యాత్రలో పాంబన్ దగ్గర కూడా ఇదే చూశాను. అక్కడ సముద్రం మీద రైలు వంతెన 1914లోనే వచ్చింది, రోడ్డు వంతెన వచ్చింది 1988లో. అంటే 74 ఏళ్ళు. మాకు పట్టిన కాలమే. ఈ రెండు చోట్లా రైలుకి ముందు వంతెన కట్టారు, మనిషికి తర్వాత కట్టారు. ఆ వరసని నేను ఒప్పుకోలేను.

1997లో మూడోది వచ్చింది, ఆర్చి బ్రిడ్జి. 28 కాంక్రీటు విల్లులు, ఒక్కొక్కటీ 97 మీటర్లకు పైన. రాజమండ్రి అనగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చే బొమ్మ అదే. చూడ్డానికి చాలా బాగుంటుంది, ఆ మాట మనస్ఫూర్తిగా అంటాను. కానీ దాని మీద రైలు చప్పుడు వేరు. ఇనప గడ్డర్ల మోత కాదు, అణిగిన శబ్దం. నిద్రలో ఉన్నవాళ్ళు గోదావరి దాటినట్టు తెలీకుండానే దాటేస్తున్నారు. అది రాగానే హేవ్‌లాక్ బ్రిడ్జికి విశ్రాంతి ఇచ్చారు. జంట విడిపోలేదు, జంటలో ఒకరు మారారు. 2015లో రోడ్డు కోసమే నాలుగోది కూడా వచ్చింది. పాత కొత్త అని పిలిచే అలవాటు మా ఊరి పిల్లలకి పోయింది. వాళ్ళకి కొత్తది ఏదో చెప్పాలంటే సంవత్సరం చెప్పాలి.

జిల్లాలు కూడా మారాయి. మా చిన్నప్పుడు ఇటు పశ్చిమ గోదావరి, అటు తూర్పు గోదావరి. బ్రిడ్జి దాటితే వేరే జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి కొవ్వూరు కూడా తూర్పు గోదావరి జిల్లాలోకే వచ్చింది, రాజమహేంద్రవరమే జిల్లా కేంద్రం. కలెక్టరాఫీసు పనికి రోజూ నది దాటే జనం ఉన్నారంటే దానికి పునాది 1974లో పడింది. పై రోడ్డు మరమ్మతుకి మూసిన రోజుల్లో ధవళేశ్వరం బ్యారేజీ మీదుగానో, నాలుగో వంతెన మీదుగానో చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళ ముఖాలు చూడండి, ఆ రోడ్డు విలువ తెలుస్తుంది. యాభై ఏళ్ళు దాటిన ఆ బ్రిడ్జికి మరమ్మతులు వాయిదా వేయకుండా చేయాలి. బరువు మోసే దాన్ని పగలకముందే చూసుకోవాలని కీమాన్ బాబాయి సుత్తి రోజూ చెప్పిన సంగతే ఇది.

ఇక హేవ్‌లాక్ బ్రిడ్జి. రైళ్ళు ఆగి పాతికేళ్ళు దాటింది. తుక్కు కింద అమ్మేస్తారన్న భయం మా రెండు ఊళ్ళలోనూ చాలాకాలం ఉండేది. 2025 జూన్‌లో అఖండ గోదావరి పథకానికి శంకుస్థాపన చేశారు, అందులో ఈ బ్రిడ్జిని పర్యాటక స్థలంగా తీర్చిదిద్దే పని కూడా ఉంది. మంచిదే. కానీ ఒక్క మనవి. లైట్లు, అద్దాలు, హోటళ్ళు ఏవైనా పెట్టుకోండి, కొవ్వూరు నుంచి రాజమండ్రి దాకా ఈ చివర నుంచి ఆ చివరకి నడిచిపోయే దారి మాత్రం వదలండి. తెల్లవారుజామునా, సాయంత్రమూ టిక్కెట్టు లేకుండా నడవనివ్వండి. గోదావరి మీద మా దగ్గర నాలుగు వంతెనలున్నాయి, నడిచేవాడి కోసమని కట్టింది ఒక్కటీ లేదు. 97 ఏళ్ళు రైలు టైంటేబుల్ ప్రకారం పనిచేసిన ఆ బ్రిడ్జి ఇకనైనా మనుషుల తీరిక ప్రకారం పనిచేయాలి. ఈ రెండు ఒడ్ల వాళ్ళూ, ఎక్కడెక్కడో ఉంటున్న ఈ ఊళ్ళవాళ్ళూ ఆ మాట గట్టిగా అడగండి.